లోడెత్తే ఊరు

తెల్లవారుజామున నాలుగున్నరకి కర్నూలు రోడ్డులో కాటా దగ్గర నిలబడితే మా ఊరి లెక్కంతా కళ్ల ముందు నుంచే పోతుంది. చీమకుర్తి వైపు నుంచి లారీ వస్తుంది. దాని మీద సరుకు ఒక్కటే రాయి. ఇరవై టన్నుల పైమాటే. కదలకుండా కింద చెక్క దిమ్మలు, చుట్టూ గొలుసు. రాయి పక్కన పెయింటుతో రాసిన అంకెలు, క్వారీ గుర్తు. లారీ కాటా ఎక్కుతుంది. లోపలి కుర్రాడు నిద్రమొహంతో మీట నొక్కి చీటీ చింపి ఇస్తాడు. డ్రైవరు టీ తాగి, బీడీ ముట్టించుకుని బైపాసు వైపు తిప్పుతాడు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో ఒంగోలుకి మిగిలింది కాటా డబ్బులు, టీ డబ్బులు, బీడీ డబ్బులు.

ఆ రాయి పేరు బ్లాక్ గెలాక్సీ. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపు అది. ప్రపంచం మొత్తం మీద దానికి చిరునామా చీమకుర్తే. లారీ మీద ఉన్నప్పుడు మాత్రం దుమ్ము కొట్టుకుని మామూలు నల్లబండలాగే ఉంటుంది. కోసి, పాలిష్ పట్టాక గానీ చుక్కలు సరిగా బయటపడవు. దిమ్మలు ఎక్కువగా పోయేది చైనాకి. మెరుపు అక్కడ బయటపడుతుంది, మెరుపుకి తగ్గ ధర కూడా అక్కడే పలుకుతుంది.

నేను ఒంగోల్లో ఇరవై ఏళ్లుగా ఇతరుల లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ణి. ముందు వ్యాట్, ఇప్పుడు జీఎస్టీ. పెద్ద క్వారీల వాళ్లు నా దగ్గరికి రారు, వాళ్ల ఆడిటర్లు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటారు. నా దగ్గరికి వచ్చేది చిన్న కటింగ్ ఫ్యాక్టరీల వాళ్లు, శనగల వ్యాపారులు, ఒక ఐస్ ప్లాంటు, రెండు మెడికల్ షాపులు, ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్. కాబట్టి ఊరి సంగతి నాకు వే బిల్లుల్లోంచే తెలుస్తుంది. ఎవరు ఏం పంపారు, ఎంతకి పంపారు, తిరిగి ఏం కొనుక్కొచ్చారు.

కొన్నాళ్ల కిందట మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 

"మామయ్యా, సింగరాయకొండ అవతల ఒక వెంచర్ చూశా. రామాయపట్నం పోర్టుకి ఇరవై నిమిషాలంట. కొనమంటావా?"

"ఉండటానికా, అమ్మటానికా?"

"ఉండటానికి అక్కడ ఎవరు కొంటారు మామయ్యా?"

వాడికి తెలియకుండానే అసలు సంగతి వాడే చెప్పేశాడు. కాసేపాగి "అయితే ఒంగోలు పెరగదంటావా?" అన్నాడు. ఫోన్లో చెప్పి ఒప్పించలేక ఇదంతా రాస్తున్నాను.

పెరగడానికేం, పెరుగుతూనే ఉంది. 1876లో మునిసిపాలిటీ అయిన ఊరు 2012లో కార్పొరేషన్ అయింది. 2011 లెక్కల్లోనే జనాభా 2 లక్షలు దాటింది. నేను చదువుకునే రోజుల్లో పొలాలున్న చోట ఇప్పుడు ఐదంతస్తుల ఆసుపత్రులు. దర్శి, పొదిలి, కనిగిరి నుంచి వచ్చే రోగులు, వాళ్ల వెంట వచ్చే ఇద్దరు ముగ్గురు బంధువులు, వాళ్లు తినే ఇడ్లీలు, పడుకునే లాడ్జీలు, ఒంగోల్లో తిరిగే డబ్బులో చాలా భాగం ఇదే. ఇంకొంత జిల్లా ఆఫీసులది, మరికొంత కాలేజీ హాస్టళ్లది. జిల్లా 1970లో పుట్టింది, 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఆ రోజు నుంచి మా ఊరికి కలెక్టరాఫీసే పెద్ద ఫ్యాక్టరీ. అది ఎంత గట్టి ఆధారమో 2022 ఏప్రిల్ 4న తెలిసింది. చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్ల జిల్లాలోకి, కందుకూరు నెల్లూరు జిల్లాలోకి పోయాయి. గీతలు ఆ తర్వాత మళ్లీ మారాయనుకోండి. కానీ ఒక్క జీవోతో ఊరికొచ్చే జనం తగ్గిపోతారంటే, ఆ రాబడిని ఊరి సొంత సంపాదన అనుకోవడానికి మనసొప్పదు.

మరి మాకు సొంతంగా ఉన్నదేంటి? చాలానే ఉంది, దరిద్రం అదే. రాయి ఉంది. పొగాకు ఉంది. సుబాబుల్, జామాయిల్ కర్ర లారీల కొద్దీ ఉంది. రాజమండ్రికీ సారపాకకీ కాగితం మిల్లులకి పోతుంది. నల్లరేగళ్లలో శనగ ఉంది. ధర లేని ఏడు శనగ బస్తాలు శీతల గిడ్డంగుల్లో ఏళ్ల తరబడి మగ్గుతాయి, ఆఖరికి లోడెత్తి ఎక్కడికో పోతాయి, పిండి ప్యాకెట్లై తిరిగొస్తాయి. సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన వారం నా ఐస్ ప్లాంటు క్లయింటు ఫోనెత్తితే చాలు టెన్షన్. అక్కడెక్కడో సంతకం పెడితే ఇక్కడ ఐసు కరిగిపోయింది.

ఎద్దు సంగతి వేరే చెప్పాలి. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్లి అక్కడ 'నెలోర్' అయ్యాయి. నెల్లూరు పేరు వాటికి అంటుకుంది, ఈ విషయంలో నెల్లూరోళ్ల మీద మాకు కాస్త కినుకే. 1960ల మొదట్లో మా పక్కనే ఉన్న కరవది నుంచి వెళ్లిన ఒక ఎద్దు ఊరి పేరుతోనే అక్కడ పేరు మోసింది. ఈ మధ్య వియాటినా-19 అనే నెలోర్ ఆవుకి 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టి గిన్నిస్ పుస్తకంలో ఎక్కించారు. మా వాట్సాప్ గ్రూపుల్లో అది వారం రోజులు తిరిగింది, "మన ఒంగోలు ఆవు" అంటూ. మనదేంటి అందులో? వాళ్లు అరవై ఏళ్లు పుట్టిన ప్రతి దూడకీ లెక్క రాశారు, ఎంచుకుని ఎంచుకుని జాతిని పెంచారు. మనం తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెట్టుకున్నాం. పోటీలంటే నాకూ ఇష్టమే, ఏటా వెళ్తాను. కానీ ఆ ఆవు ధరలో మన వాటా గర్వపడటం వరకే.

ఇదంతా ఏడుపు అనుకోకండి. ఒక పని మాత్రం ఒకప్పుడు మా దగ్గరే నిలబడింది, దానివల్ల ఏం జరిగిందో నేను చూశాను.

మా నాన్నది కొండపి వైపు పొగాకు సేద్యం. మా అత్త, అంటే నాన్న చెల్లెలు, టంగుటూరులో పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పనికి వెళ్లేది. కంపెనీ అంటే పెద్ద రేకుల షెడ్డు. లోపల వరసల్లో ఆడవాళ్లు కూర్చుని ఆకు రంగు చూసి, మచ్చ చూసి, వేలితో రుద్ది గ్రేడు విడదీసేవాళ్లు. కాడ తీసేవాళ్లు. మా అత్త ఇంటికొచ్చాక పదిసార్లు సబ్బేసి కడిగినా చేతులు జిగురు పోయేవి కావు, అన్నం ముద్ద చేదు అనేది. ఆ పని గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. దగ్గు ఆమెని చివరిదాకా వదల్లేదు. కానీ శనివారం బట్వాడా. బట్వాడా రోజు సాయంత్రం టంగుటూరు సెంటర్ చూసి తీరాలి. కంపెనీ గేటు తెరిచే సరికి బయట గాజుల బండి, బట్టల మూటలు, చేపల గంపలు, చీటీల ఆవిడ, మిషన్ కుట్టేవాడు పాత బాకీ వసూలుకి. ఆడవాళ్ల చేతికి వచ్చిన కూలి గేటు దాటి వంద అడుగులు పోకముందే సగం ఊళ్లో దిగిపోయేది. మా అత్త నాకు వేయించిన బఠాణీలు కొనేది, తనకి పూలు కొనుక్కునేది, మిగతాది చీర కొంగున ముడి. ఆ ముడిలోంచే మా బావ డిప్లొమా చదివాడు.

అదే పొగాకు, వేలం కేంద్రంలో ఎలా ఉండేదో చెప్తాను. మన రాష్ట్రంలో వేలాలు 1985లో మొదలయ్యాయి. అంతకుముందు కంపెనీ మనిషి ఎంతంటే అంత, డబ్బు ఎప్పుడిస్తే అప్పుడు. వేలం వచ్చాక నాన్న ఎంత సంతోషించాడో. నన్ను ఒకసారి వెంట తీసుకెళ్లాడు. పెద్ద హాలు, నేల మీద బేళ్లు వరసలుగా. వేలం పాడే ఆయన నడుస్తూ ఉంటాడు, వెనకే కొనేవాళ్లు. ఆకు ఒక గుప్పెడు లాగి చూస్తారు, కళ్లతోనో వేళ్లతోనో ఏదో చెప్పుకుంటారు, చీటీ పడుతుంది, ముందుకి పోతారు. ఒక బేలుకి పది సెకన్లు. నారు పోసిన దగ్గర్నుంచి బ్యారన్ కొట్టంలో వేడికి ఆకు ఆరబెట్టి, మండెగా కుప్ప వేసి, బేలు కట్టేదాకా ఎన్ని నెలల చాకిరీ అది! ఆ రోజు మా బేళ్లలో మూడింటికి 'నో బిడ్' పడింది. నాన్న ఆ మూడూ మళ్లీ లారీకి ఎత్తించాడు. దారి పొడుగునా మాట్లాడలేదు. 2015లో మా జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ లారీ ప్రయాణమే.

ఒకే ఆకు. పొలంలో ఉన్నప్పుడు రైతుకి అప్పు మీద బతుకు. కంపెనీ షెడ్డులో నాలుగు నెలలు ఆడవాళ్ల చేతుల మీద తిరిగినప్పుడు టంగుటూరు సెంటర్‌కి బతుకు. తర్వాత యంత్రాలొచ్చాయి, చేతులు తగ్గాయి, శనివారం సందడి కూడా తగ్గింది. నేను చెప్పేదల్లా ఒక్కటే: సరుకు పుట్టడం వల్ల ఊరు బాగుపడదు, సరుకు పోవడం వల్లా బాగుపడదు. పుట్టిన చోటికీ కాటాకీ మధ్య ఎన్ని చేతులు మారితే ఊరికి అంత. ఒంగోలు భవిష్యత్తు గురించి ఎవరేం చెప్పినా నేను ఆ మధ్య దూరమే చూస్తాను.

మా వాళ్లు మాత్రం చూసేది పైనుంచి ఏం దిగుతుందా అని. నేనూ చూశాను, దాచుకోను. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండ అన్నారు. బ్రిటిష్ కాలం నాటి విమానాల మైదానం ఉంది, ప్రభుత్వ భూమి ఉంది, ఇంకేం కావాలి అన్నారు. నా దగ్గర అప్పుడు చీటీ పాడిన డబ్బు మూడు లక్షలుంది. ఒక మధ్యవర్తి కారులో ఎక్కించుకుని తీసుకెళ్లి, ఎండలో నిలబెట్టి, "ఇక్కడే సెక్రటేరియట్" అని చెయ్యి చాపి చూపించాడు. నేను ఆ చెయ్యి చూపించిన వైపు చూశాను గానీ ఆ మనిషి మొహం చూడలేదు. ప్లాటు రిజిస్టర్ అయింది. రాజధాని అమరావతి అయింది. నా హద్దురాళ్లు నాలుగూ చిల్లచెట్లలో కలిసిపోయాయి. రాళ్లు గ్రానైట్‌వే, అది కాస్త ఊరట.

పామూరు దగ్గర వేల ఎకరాల్లో పారిశ్రామిక మండలి అన్నారు. కొత్తపట్నం దగ్గర విమానాశ్రయం అన్నారు. విమానాశ్రయం రాలేదు గానీ కొరిశపాడు దగ్గర హైవేనే ఎమర్జెన్సీ రన్‌వేగా వేశారు, 2024 మార్చిలో వాయుసేన విమానాలు వచ్చి వెళ్లాయి. ఎమర్జెన్సీ అయితే తప్ప మా జిల్లాలో విమానం ఆగదు.

రామాయపట్నం పోర్టు మాటకొస్తే, 2019 జనవరిలో ఒకసారి, 2022 జూలైలో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రెండోసారి తర్వాత నిజంగానే పనులు మొదలయ్యాయి. ఆ పక్కనే బీపీసీఎల్ రిఫైనరీ కూడా అంటున్నారు. రానివ్వండి, నేను వ్యతిరేకిని కాను. కానీ పోర్టంటే ఏంటి? పెద్ద కాటా. కృష్ణపట్నం పోర్టు మొదలై 2008 నుంచి ఇన్నేళ్లయింది. అక్కడికీ నెల్లూరుకీ మధ్య రోడ్డు వెడల్పయింది, లారీల వరస పెరిగింది, బొగ్గు దుమ్ము పెరిగింది. ఓబులవారిపల్లె నుంచి కొండల కింద సొరంగం తవ్వి రైలు మార్గం కూడా వేశారు. ఇంతా ఉండి, 2024 మొదట్లో కంటైనర్ ఓడలు ఆగిపోయినప్పుడు రొయ్యల వాళ్లూ మిగతావాళ్లూ సరుకు చెన్నైకి తోలుకోవాల్సి వచ్చింది. పోర్టు ఎక్కడికీ పోలేదు, ఉన్న చోటే ఉంది. దానికేం కావాలో అది చూసుకుంది. ఊరి దగ్గర సొంత పని ఉంటే పోర్టు వల్ల కలిసొస్తుంది. లేకపోతే లారీలు ఇంకో ఐదు నిమిషాలు తొందరగా మనల్ని దాటిపోతాయి.

ఇప్పుడు చీమకుర్తి దగ్గర మా క్లయింటు షెడ్డుకి రండి. ఆయన క్వారీ యజమాని కాదు. క్వారీలో తవ్విన రాయిలో దిమ్మగా పనికొచ్చేది కొంతే, మిగతాదంతా డంపు. చీమకుర్తి పోయే దారిలో దూరం నుంచి కొండల్లా కనిపించేవి కొండలు కావు, ఆ డంపులే. నలభై ఏళ్లుగా పోసిన పగుళ్ల రాళ్లు, వంకర ముక్కలు, పొర పట్టినవి. మా వాడు ఆ ముక్కలు కొంటాడు. రెండు సింగిల్ బ్లేడ్ కట్టర్లు, ఒక పాలిషింగ్ మెషిన్, ఎనిమిది మంది మనుషులు. బ్లేడు అంచున వజ్రపు పొడి అతికించిన పళ్లుంటాయి. మీద నీళ్లు ధారగా పడుతుంటే రాయిని వెన్నలా కాకపోయినా గట్టి బెల్లంలా కోసుకుంటూ పోతుంది. కింద తొట్టిలో బూడిదరంగు బురద. ఆ ముక్కలోంచి మెట్ల పలకలు వస్తాయి, కిటికీ కింద పట్టీలు, వంటింటి గట్టు, తులసికోట, సమాధి రాయి. ఏదీ రాకపోతే ఇంటి ముందు వేసే చదరపు బిళ్లలు. ఆయన దగ్గర పారేసేది అంటూ దాదాపు ఏమీ ఉండదు.

అన్నిటికన్నా నిలకడైన ఆర్డరు ఏంటో చెప్పండి? శిలాఫలకాలు. శంకుస్థాపనకి ఒకటి, ప్రారంభోత్సవానికి ఒకటి, ప్రభుత్వం మారితే మళ్లీ ఇంకొకటి. ప్రాజెక్టు వచ్చినా రాకపోయినా ఫలకం డబ్బులు వస్తాయి. మా జిల్లాలో శంకుస్థాపనల వల్ల కచ్చితంగా బాగుపడింది ఫలకాలు చెక్కేవాళ్లు ఒక్కరే.

నవ్వులాటకి అన్నా, ఆయన లెక్కల పుస్తకం నేను ఏటా చూస్తాను. ఒక దిమ్మ లారీ పోతే ఊళ్లో మిగిలేదాంతో పోలిస్తే ఈ షెడ్డులో ఒక లారీ ముక్కలు కోస్తే మిగిలేది ఎన్నో రెట్లు. బ్లేడ్లకి పళ్లు కొత్తగా అతికించే మనిషి ఒంగోల్లోనే. మోటారు వైండింగ్ ఒంగోల్లో. రాయిని రుద్దే పాలిష్ బట్టీలు అమ్మే దుకాణం, చెక్క ఫ్రేములు కొట్టే వడ్రంగి, మినీ లారీ, ఎనిమిది మందికి అన్నం వండే ఆవిడ, అందరూ పాతిక కిలోమీటర్ల లోపే. రిటర్ను వేసే నేను కూడా.

మరి ఇలాంటివి ఇంకా ఎందుకు రావు, వచ్చినవి ఎందుకు మూతపడతాయి? చైనాతో పోటీ పడలేం అంటారు. పెద్ద దిమ్మల విషయంలో నిజమే, వాళ్ల యంత్రాలు, వాళ్ల ఓడ ఛార్జీలు వేరు. కానీ మా వాడి సరుకు చైనా పోదు, హైదరాబాదులో అపార్ట్‌మెంటుకి పోతుంది. అక్కడ పోటీ రాజస్థాన్‌తో. ఆ పోటీలో మనకి తగిలే దెబ్బలు చాలా మామూలువి. కరెంటు బిల్లు ఒకటి. పన్ను ఇంకొకటి: 2025 సెప్టెంబరులో రాతి దిమ్మ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, పాలిష్ పలక మీద 18 అలాగే ఉంచారు. పన్ను చివరికి కొన్నవాడే కడతాడు కదా అని పుస్తకం చెప్తుంది. ఇల్లు కట్టుకునేవాడు మాత్రం "బిల్లు లేకుండా ఎంత?" అంటాడు. బిల్లు లేకుండా ఇచ్చేవాడు బతుకుతాడు. అలా బతికేవాడికి బ్యాంకు లోను రాదు, లోను లేక రెండో మెషిన్ రాదు. చిన్నవాడు చిన్నగానే ఉండిపోవడానికి ఇది చాలు.

బురద సంగతి, దుమ్ము సంగతి కూడా నేను దాటవేయను. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. కోత బురద ఆరాక గాలికి లేస్తుంది, రోడ్డు పక్కన పోస్తే పక్క పొలం పాడవుతుంది. ఫ్యాక్టరీల వాళ్లు రాత్రిపూట ఎక్కడో చోట పారబోస్తారు, నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు నాకు తెలుసని. అందరికీ కలిపి ఒక బురద యార్డు, నీళ్లు వడగట్టి మళ్లీ వాడుకునే తొట్లు, మాస్కు పెట్టుకోకపోతే మెషిన్ ఆపే మేస్త్రీ ఉండాలి. వీటికి పోర్టు అంత డబ్బు అక్కర్లేదు, ఒక్క వెంచర్‌లో వేసే నల్ల రోడ్ల డబ్బు సరిపోతుంది. మా అత్త దగ్గు విన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, పని కావాలంటూ ఈ సంగతి పక్కన పెట్టడం కుదరదు.

మనుషుల సంగతి. మా వాడి షెడ్డులో ఎనిమిది మందిలో ఆరుగురు ఒడిశా, రాజస్థాన్ వాళ్లు. మంచి పనివాళ్లు. మా పిల్లలు ఎక్కడ? అమీర్‌పేటలో కోచింగ్. తప్పు వాళ్లది కాదు. ఒంగోల్లో ఇంజినీరింగ్ చదివిన పిల్లాడికి ఊళ్లో చూపించడానికి ఒక రాళ్ల షెడ్డు, ఒక ఆసుపత్రి రిసెప్షన్, ఒక ఫోన్ల షాపు తప్ప ఇంకేం ఉన్నాయి? 2016లో ట్రిపుల్ ఐటీ వచ్చింది, ఏళ్ల తరబడి అద్దె భవనాల్లోనే నడిచింది. ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చింది. చీమకుర్తి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. డంపులో రాయిని ఇంకెన్ని రకాలుగా వాడొచ్చో, ఆ బురదని ఇటుకలో కలపొచ్చో లేదో చూడమని ఏ పిల్లాడికైనా ప్రాజెక్టు ఇవ్వొచ్చు కదా! హాస్టల్ నుంచి చీమకుర్తికి బస్సు టికెట్ ఖర్చే. మా క్లయింటుని ఇంతవరకూ అలా అడుగుతూ ఒక్క విద్యార్థీ రాలేదు.

ఇక నీళ్లు. ఈ పేరా రాస్తుంటే మా ఆవిడ లోపలి నుంచి అరిచింది, పంపు వచ్చిందని. లేచి వెళ్లి మోటారు వేసొచ్చాను. మూడు రోజులకి ఒకసారి వచ్చే పంపు కోసం ఎవరికైనా పనులాపుకోక తప్పదు. సాగర్ కాలవ నీళ్లు సమ్మర్ స్టోరేజి ట్యాంకుల్లో నింపుకుని వేసవి గడుపుకునే ఊరు మాది. పక్కనే గుండ్లకమ్మ మీద రిజర్వాయర్ ఉంది. 2022 ఆగస్టు ఆఖరున ఒక గేటు కొట్టుకుపోయింది, దాచుకున్న నీళ్లు సముద్రంలో కలిశాయి. మరుసటి ఏడు డిసెంబరు తుపానుకి ఇంకో గేటు పోయింది. గేటుకి గ్రీజు పెట్టి, తుప్పు గీకి, ఏటా చూసుకోవాల్సిన పని అది. శంకుస్థాపన లేదు, ఫలకం లేదు, అందుకే కాబోలు ఎవరికీ గుర్తు రాలేదు. అదే వాన రెండు రోజులు గట్టిగా పడితే పోతురాజు కాలవ పొంగి ఇళ్లలోకి వస్తుంది. ఎండాకాలం ట్యాంకరు, వానాకాలం మోకాటి లోతు. ఈ ఊరికి ఫ్యాక్టరీ పెట్టడానికి వచ్చేవాడు మొదట అడిగేది నీళ్ల గురించే, విమానం గురించి కాదు. గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లో ప్లాటు తీసుకున్న మా క్లయింటు ఒకాయన నెల ఖర్చుల్లో కరెంటు తర్వాత పెద్ద పద్దు ట్యాంకర్లే.

మా ఫ్రెండ్ ఒకాయన, రిటైర్డ్ లెక్చరర్, ఇవన్నీ విని ఒక మాటన్నారు: "ఏందయ్యా నీ గోల, ఒంగోలు ఎందుకు పెరగాల? ప్రశాంతంగా ఉంది గదా. నీ పెన్షను నీకొస్తది, నా పెన్షను నాకొస్తది." నాకు పెన్షన్ లేదన్న సంగతి ఆయన మర్చిపోయారు. అయినా ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉంది. ఊరు హైదరాబాదులా ఉబ్బిపోవాలని నాకూ లేదు. ఆయన ఇద్దరు పిల్లలూ అమెరికాలో ఉన్నారు, ఇంట్లో పై అంతస్తుకి తాళం. ఆ ప్రశాంతతకి ఖర్చు ఎవరు కట్టారో తాళానికి తెలుసు.

వాదనలో నెగ్గడానికి ఆయన ఇంట్లోనే ఉన్న డబ్బా చూపించాను. అల్లూరయ్య మైసూర్‌పాక్. పేరు మైసూరుది, పాకం ఒంగోలుది. శనగపిండి, నెయ్యి, చక్కెర, ఇవేవీ మన రహస్యాలు కావు, ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. చేతిలో పని ఉంది, అంతే. హైదరాబాదు పోయే ప్రతి బస్సులోనూ ఎవరో ఒకరి ఒళ్లో ఆ డబ్బా ఉంటుంది. మా జిల్లా శనగ బస్తాగా పోతే పలికే ధరేంటో, పాకంలో పడి డబ్బాలో పోతే పలికే ధరేంటో ఆయన్నే లెక్కేయమన్నాను. ఆయన లెక్కేయలేదు గానీ డబ్బా నా వైపు జరిపారు.

మేనల్లుడు సంక్రాంతికి వచ్చాడు. వెంచర్ చూడటానికి పోదామన్నాడు. పోదాం గానీ ముందు ఇటు అని బండి చీమకుర్తి వైపు తిప్పాను. మా క్లయింటు షెడ్డులో అరగంట నిలబడ్డాడు. బ్లేడు ధర అడిగాడు, ఆన్‌లైన్లో అమ్ముతారా అని అడిగాడు, ఫొటోలు సరిగా లేవని చెప్పాడు, తులసికోటకి నాలుగు వైపుల నుంచీ వాడే ఫొటోలు తీశాడు. మా క్లయింటు వాడికి టీ తెప్పించి, "బాబూ, ఆ ఫొటోలు నాక్కూడా పంపు" అన్నాడు. 

గోడకి ఒక పెద్ద పలక ఆనించి ఉంది. గెలాక్సీయే, అద్దంలా పాలిష్. బంగారు రంగు అక్షరాలు, పైన ప్రాజెక్టు పేరు, కింద అతిథుల పేర్లు వరసగా. తేదీ ఉండాల్సిన చోట మాత్రం నున్నగా ఖాళీ.

"ఇక్కడేంటి, చెక్కడం మర్చిపోయారా?" అన్నాడు మేనల్లుడు.

"లేదు బాబూ, తేదీ చెప్తామన్నారు. రెండేళ్లయింది. పైన దుమ్ము పడితే తుడుస్తా ఉన్నాం."